మూడు స్విచ్చులూ వేస్తే తెలుపే వచ్చింది

అన్నయ్యా,

రేపు నీ సంవత్సరీకం. వంటల సంగతి ఇంట్లోవాళ్లు చూసుకుంటారు. నేను మాత్రం మన ఆగిపోయిన తగువు తేల్చేస్తున్నాను.

అమలాపురంలో కొత్త నెట్ సెంటరుకి కంప్యూటర్ బల్ల చుట్టూ ఎల్ఈడీ లైట్లు బిగించాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, దేని స్విచ్చి దానిదే. అప్పట్లో, మూడూ కలిపితే తెలుపు వస్తుందని నేనంటే ఎంత నవ్వావు! "బోర్డులు రాసేవాడికి రంగులు నేర్పుతున్నావేంట్రా? మూడూ కలిపితే పేడరంగే," అన్నావు. అది డబ్బాలో రంగు అన్నయ్యా. ఇది వెలుతురు.

ఓనరుగారూ నీలాంటివారే. "ప్రారంభం పూజకి తెల్లలైటు ఉండాలి. రాలేదనుకో, అన్నీ పీకించేసి ట్యూబులైటు పెట్టించేస్తా," అన్నారు.

మొదటిసారి వేస్తే బల్లంతా గులాబీరంగు. "తెలుపంటే ఇదేనేంట్రా?" అని ఆయన నవ్వుతుంటే ఒళ్లు మండిపోయింది. కరెంటుని తగ్గించే రెసిస్టరు మూడు రంగులకీ ఒకే సైజుది వేశాను, అందుకే ఎరుపు ఎక్కువ వెలిగింది. దానికి పెద్దది మార్చి, వెలుతురంతా కలిసేలా పైన పాలరంగు ప్లాస్టిక్ షీటు వేశాను. నువ్వు పెన్సిలుతో అక్షరాలు గీసి వదిలేసిన షీటే. గీతలు చెరిపేశాను.

మళ్లీ వేశాను. తెలుపు! కీబోర్డు మీద పాలు పోసినట్టు!

"ఆయ్, మల్లెపువ్వులా ఉందండీ," అన్నారు పంతులుగారు. ఓనరుగారు ఆ వెలుతురులోనే కొబ్బరికాయ కొట్టేరు.

పని పూర్తయ్యాక మూలన పేరు రాసుకోవడం మీ పెయింటర్ల పద్ధతి కదా. నీ సన్నకుంచె తీశాను. "అన్నయ్య పేరు రాయరా," అంది పూజ చూడ్డానికొచ్చిన అమ్మ.

నా పేరే రాశాను. చేసింది నేను.