తోలు సాగలేదు తమ్మీ

తమ్మీ,

నీ హాకీ ప్యాడ్లు ఈ రోజు మళ్లీ కంఠేశ్వర్‌లోని నా కొట్టుకు వచ్చాయి. నువ్వు చనిపోయాక బోధన్ జట్టులో నీ చోట గోలు కాస్తున్న కొత్తతను తెచ్చాడు. పట్టీలు అతని పిక్కల చుట్టూ అందడం లేదట.

పోయిన చెరకు నరికే కాలంలో నెలకోసారి వచ్చి, "తోలు సాగిందన్నా, ఇంకో బొక్క కొట్టు" అనేవాడివి. నేను లోపలివైపు బెజ్జం కొట్టి, మిగిలిన కొస ఆటలో తగలకుండా కోసేసేవాణ్ణి. బుద్ధెరిగినప్పటి నుంచి టాంగా గుర్రాలకు పట్టీలు కుట్టినవాణ్ణి. తోలు అలా సాగదని నాకు తెలుసు. నీ దగ్గు కూడా విన్నాను. దవాఖానకు పోదామంటే నీ ఆట ఆగిపోతుందని, నలుగురిలో "వాడు నా తమ్ముడు" అని చెప్పుకోలేనని నోరు మూసుకున్నాను.

ఆ ముక్కలు ఇంకా పనిముట్ల పెట్టెలోనే ఉన్నాయి. ఒక పట్టీవి తీసి వరసగా పేర్చాను. బెత్తెడు దాటాయి. ఒక్క చలికాలంలో నీ కాలు అంత చిక్కింది.

కొత్తతను పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గింత పొట్టిగ ఎవలు కోసిండ్రన్నా?"

"నేనే కోసిన" అన్నాను.