తమ్ముడి కూతురికి రెండు స్పీకర్లు

తూనికలు కొలతల శాఖలో ముప్పై మూడేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరై, డెబ్బై నాలుగో ఏట ఉన్న నేను, మతి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, నా చేత్తో రాసి పెడుతున్న వీలునామా ఇది. డాక్టరుగారు నా గుండె విషయంలో పెదవి విరిచారు. మతి విషయంలో ఏమీ అనలేదు కనుక ఇది చెల్లుతుంది.

నా భార్య పోయి ఆరేళ్ళయింది. మాకు పిల్లలు లేరు. ఉంటున్నది అద్దె వాటా. పంచడానికి పెద్దగా ఏమీ లేదు, కొట్టుకు చావడానికి అసలే లేదు. దీన్ని అమలుపరిచే బాధ్యత బస్టాండు వెనక రేడియోలు బాగుచేసే మెకానిక్కుకు అప్పగిస్తున్నాను.

1. నా ఇత్తడి తూకపురాళ్ళ పెట్టె మూల మీది కిరాణా కొట్టు యజమానికి. అతని కాటా దొంగ కాటా అని రెండుసార్లు కేసు రాశాను, వీధంతా చెప్పాను. మూడోసారి వెళ్ళి చూస్తే తూకం సరిగ్గా ఉంది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

2. నా భార్య కుట్టుమిషను కింది వాటాలో ఉండే నర్సమ్మకు. చివరి రెండు నెలలూ నా భార్యకు తల దువ్వింది ఆవిడే. నాకు చిక్కు తీయడం చేతకాలేదు.

3. హాల్లో ఉన్న చెక్క స్పీకర్ల జత, వాటి కోసం బ్యాంకులో విడిగా దాచిన సొమ్ముతో సహా, కళ్ళద్దాల షాపులో పనిచేస్తున్న నా తమ్ముడి కూతురికి సర్వహక్కులతో చెందాలి. ఎందుకో రాయకపోతే ఆమె తీసుకోదు. రాసినా తీసుకోకపోతే తప్పుపట్టను.

మేమంతా ఒకే ఇంట్లో ఉన్నప్పటి మాట. నా తమ్ముడు షాపులకు బోర్డులు రాసేవాడు. మూతపడుతున్న ఒక రికార్డింగు షాపులో బేరమాడి ఆ స్పీకర్లు తెచ్చాడు. వాటికి యాంప్లిఫయరు నేను కొన్నాను, షాపులో ఉన్నవాటిలోకల్లా చవకది. "దీనికి సత్తా చాలదన్నయ్యా, ఇంకొంచెం పెట్టి పెద్దది కొందాం" అన్నాడు వాడు. చిన్నదైతే స్పీకర్లకు ప్రమాదం ఉండదని నా తెలివి. నెల తిరక్కుండా రెండింటిలోనూ ట్వీటర్లు, అంటే సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్లు, మాడిపోయాయి. ఆ వారం పనిలేక తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. నేను విచారణ లేకుండా తీర్పు చెప్పేశాను. "కూర్చుని తినేవాడికి వస్తువు విలువేం తెలుస్తుందిరా" అన్నాను, మరదలు వింటుండగా. మర్నాడు పొద్దున్నే వాడు పెళ్ళాన్నీ మూడేళ్ళ పిల్లనూ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇది జరిగి ఇరవై ఏళ్ళు.

4. నాలుగేళ్ళ కిందట ఆ స్పీకర్లను మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన విప్పి చూసి, ఎలాంటి యాంప్లిఫయరు పెట్టారని అడిగాడు. చెప్పాను. "అదేనండీ. శక్తి చాలనిదాన్ని చివరిదాకా తిప్పితే పాట చిరిగిపోతుంది. ఆ చిరిగిన పాటే వీటిని కాలుస్తుంది" అన్నాడు. చివరిదాకా తిప్పింది నేను. తమ్ముడు బజారుకెళ్ళిన ఒక సాయంత్రం, ఇంటికొచ్చిన ఆఫీసువాళ్ళ ముందు గొప్పకు పోయి గంటసేపు అలా మోగించాను. కాబట్టి సాక్షుల ఎదుట ప్రకటిస్తున్నాను: స్పీకర్లు కాల్చింది నేను. నా తమ్ముడికి ఏ పాపమూ తెలియదు.

5. ఆ రోజే వెళ్ళి ఈ మాట వాడితో చెప్పవలసింది. వట్టి చేతులతో ఏం వెళ్తాం, మంచి యాంప్లిఫయరు పట్టుకునే వెళ్దామనుకున్నాను. నాకున్నది పెన్షను. అందులో మిగిల్చిన దానికి సరిపడేది వెతకాలి. మొదటి నెలలోనే మెకానిక్కు ఒకటి చూపించి, మీ స్పీకర్లకు సరిగ్గా సరిపోతుందన్నాడు. జేబులోంచి స్ప్రింగు కాటా తీసి తగిలించాను. ముప్పాతిక కిలో కూడా లేదు. ఇంత తేలిక సరుకులో అంత శక్తా, ఎవర్ని మోసం చేస్తావని కసిరాను. ఇప్పటివి తేలిగ్గానే ఉంటాయని ఆయన మొత్తుకున్నా వినలేదు. ముప్పై మూడేళ్ళు తూకంతోనే దొంగల్ని పట్టినవాణ్ణి మరి. ఆ తర్వాత మూడేళ్ళు షాపుషాపుకీ తిరిగాను. ఒకటి ధర ఎక్కువ, ఒకటి పాతది, ఒకటి రంగు బాగోలేదు. చివరికి రంగు కూడా చూశాను, అదీ నా బతుకు. అప్పటికి తమ్ముడు పోయాడు.

6. అమ్మాయ్, యాంప్లిఫయరు కొనేటప్పుడు ఇవి చూసుకో. స్పీకరు వెనక ఎనిమిది ఓములని రాసి ఉంది. కొనే యాంప్లిఫయరు ఆ ఎనిమిదికి సరిపోవాలి. అట్టపెట్టె మీద వెయ్యి వాట్లని వేసే అంకెను నమ్మకు. ఒక్కో స్పీకరుకు నికరంగా ఎంత ఇస్తుందో అడుగు. యాభై వాట్లుంటే నీ గదికి చాలు. మెరిసే లైట్లకు డబ్బు తగలేయకు. వాడినదైనా ఫరవాలేదు, సౌండు పెంచే నాబు తిప్పితే గరగరమనకూడదు. నీకు కంఠతా వచ్చిన పాట ఒకటి పెట్టించుకుని విను. పొద్దున వెళితే సాయంత్రానికి కొనేసి ఇంటికి రా. అంతకన్నా వెతికావంటే నా మీద ఒట్టు.

7. మూడు నుంచి ఇక్కడిదాకా ఉన్న అంశాలను మెకానిక్కు మా మరదలి ఇంటికి వెళ్ళి, ఆవిడ ముందు పైకి చదివి వినిపించాలి. వాళ్ళిల్లు నా ఇంటి నుంచి బస్సులో ఏడు స్టాపులు. తమ్ముడు పోయిన రోజు మొదటిసారి ఆ గడప తొక్కాను. మరదలు తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, "మీరొస్తారనే అనేవారు బావగారూ. అన్నయ్య ఏదీ ఒక పట్టాన తేల్చుకోడు, తేలాక తనే వస్తాడులే అనేవారు" అంది. అప్పుడు కూడా నేను నిజం చెప్పలేకపోయాను. కాఫీ తాగి వచ్చేశాను.

రెండువేల ఇరవై మూడు, ఫిబ్రవరి పంతొమ్మిది, ఆదివారం.

(సంతకం)
రిటైర్డు ఇన్‌స్పెక్టరు, తూనికలు కొలతల శాఖ

మా కళ్ళెదుట చదివి సంతకం చేశారు:
1. ఎదురింటి కాంపౌండరు
2. పై వాటా లెక్కల మాస్టారు