ఏడో నంబరు గూడు

కుహ్మో,
మార్చి 14

చెల్లి వీర్పికి అక్క కైసు ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ కుక్కా కులాసాగానే ఉన్నాం. ఇంటి కప్పు మీద మంచు మాత్రం ఇంకా నడుములోతు ఉంది. తుర్కు పట్నంలో నువ్వూ నీ పిల్ల సైమీ బాగున్నారని తలుస్తాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నాన్న బట్టలు ఎవరికీ ఇవ్వలేదు. ఆ పొగాకు కంపుకి ఎవరూ తీసుకోరు. ఆవిరిగది పొయ్యి బాగుచేయించాను. పక్షుల సంఘంవాళ్లు నాన్న పేర కాఫీ, కేకు పెట్టి సంతాపసభ చేశారు. సంఘంలో రింగులు వేసే తౌనో లేచి, "ఆయన నోటికి జడిసి ఎలుగుబంట్లు కూడా దారి మార్చుకునేవండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ ఏడు అడవిలో ఎలుకలు విపరీతంగా ఉన్నాయి. గుడ్లగూబలకు పండగే, గూటికి నాలుగైదు పిల్లలు ఖాయం. పోయిన ఏడు అలా కాదు. నాన్న చెట్లకు కట్టిన గూళ్లలో, మూడో నంబరు దాంట్లో తిండిలేక ఒక్క పిల్లే మిగిలింది. నాన్న నిచ్చెన మీది నుంచి చిన్న ఎముకొకటి చూపించి, "చెల్లెల్ని తినేసిందే అక్క! చూడు ఎంత బలిసిందో!" అని పకపకా నవ్వాడు. పదకొండేళ్లుగా, ఎనభై దాటాక కూడా, నిచ్చెన ఇంకొకరిని ఎక్కనిచ్చేవాడు కాదు, నీకు తెలుసుగా. నేను ఎప్పట్లాగే కింద పట్టుకుని నిలబడ్డాను.

సైమి సంగతి రాశావు. పదహారు నిండాయి కాబట్టి మే నెలలో వస్తుందనీ, గూళ్లెక్కి పిల్లల్ని సంచిలో పెట్టి దించుతుందనీ, తౌనో వాటి కాళ్లకు నంబరు రింగులు తొడుగుతాడనీ రాశావు. "కింద నువ్వుంటావు కనక నాకు బెంగలేదక్కా" అన్నావు. ఆ ఒక్క మాటకు జవాబు రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

సంఘానికి పంపాలని, నాన్న చెట్లకు కట్టిన కెమెరాల పాత మెమరీ కార్డులు వెతకమన్నావు కదా. దొరికాయి. కాఫీ డబ్బాలో, ఒక్కోటీ ఒక్కో కవర్లో ఉన్నాయి. ప్రతి కవరు మీదా గూడు నంబరూ తేదీ రాసి ఉన్నాయి. అడుగున ఉన్న కవరు మీద నంబరూ లేదు, తేదీ లేదు. పెన్సిలుతో "కైసు" అని మాత్రం ఉంది.

అందులో పదకొండేళ్ల కిందటి ఏడో నంబరు గూడు ఉంది. నీ కన్ను పోయిన రోజు.

అక్కడ గుడ్లు ఏ జంతువు తింటోందో చూడాలని నాన్న ఎదుటి చెట్టుకి కెమెరా కట్టాడని మనకు తెలియదు. సెకనుకొకటి చొప్పున మూడు ఫొటోలున్నాయి. మొదటిదాంట్లో నువ్వు నిచ్చెన మీద, నేను కింద ఉన్నాం; తల్లి గూబ బిర్చి చెట్టు కొమ్మ వదిలి రెక్కలు విప్పింది, నా ముఖం దానివైపే ఉంది. రెండోదాంట్లో అది సగం దూరం వచ్చేసింది. నా ముఖం ఇంకా దానివైపే, నోరు మూసుకునే ఉంది. మూడోది నువ్వు చూడకపోయినా ఫరవాలేదు.

వెనక నుంచి వచ్చింది, నేను తాడు ముడి చూసుకుంటున్నాను అని అందరికీ చెప్పాను కదా, అబద్ధం. చెమటకు మసకబారిందని నువ్వు ముఖానికి రక్షణగా పెట్టుకున్న అద్దం పైకెత్తడం కూడా చూశాను. కింద నిలబడ్డవాళ్ల పని ఒక్కటే: తల్లి కదిలితే "వస్తోంది!" అని అరవాలి. నేను అరవలేదు.

ఆ పొద్దున కాఫీ దగ్గర నాన్న, "రింగులు వేసే లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పిన మొద్దువి, నిచ్చెన పట్టుకోవడమన్నా వచ్చా నీకు?" అన్నాడు. మొదటిసారికే పాసైన నువ్వు, "పోనీలే నాన్నా, అక్క బలమంతా చేతుల్లోనే ఉందిలే" అని నవ్వావు. అడవిదాకా ఆ నవ్వు నా చెవిలోనే ఉంది. నీ ముఖం మీద దాని గోటి గీత ఒక్కటి పడనీ అనుకున్నాను. కన్ను అనుకోలేదు వీర్పీ. కానీ గీత మాత్రం కావాలనే అనుకున్నాను.

ఆసుపత్రిలో కట్టు కట్టిన ముఖంతో నా చెయ్యి పట్టుకుని, "నిన్ను హడలగొట్టాను కదే అక్కా" అన్నావు. నేను నీ తల నిమిరాను. బయటికొచ్చి తౌనోతో, "దాని తొందరే దాన్ని ముంచింది" అన్నాను. ఊరంతా ఇప్పటికీ ఆ మాటే అంటుంది.

నాన్నకు అన్నీ తెలుసు. తెలిసీ పదకొండేళ్లు నన్నే నిచ్చెన పట్టుకోమన్నాడు. ఏటా ఏడో నంబరు దగ్గర పైకెక్కి, అద్దం ఎత్తేసి, నావైపు తిరిగి, "ఊఁ, చూడవే కైసూ. చూడ్డంలో నిన్ను మించినవాళ్లు లేరుగా!" అనేవాడు. నేను "వస్తోంది నాన్నా!" అని గొంతు చించుకునేదాకా అద్దం దించేవాడు కాదు. ముసలాయన మొండితనం అనుకునేదాన్ని. కవరు చేతిలో పట్టుకున్నాకే అర్థమైంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నీకు న్యాయం చేయలేదు, నన్ను తిట్టి వదిలేయనూ లేదు.

పొయ్యి మండుతోంది. దాని తలుపు తీసి కార్డు చేతిలో పట్టుకుని కూర్చున్నాను కూడా. అప్పుడు సైమి గుర్తొచ్చింది. నిరుడు వేసవిలో రై పిండి రొట్టె తింటూ, "పెద్దమ్మా, నువ్వు పరీక్ష ఎన్నిసార్లు తప్పావేంటి?" అని అడిగి నవ్వింది. అచ్చం నీ నవ్వే. అప్పుడు నా లోపల కదిలింది నాకు కొత్తది కాదు.

కార్డు ఇందులోనే పెడుతున్నాను. రైలు టికెట్లు కొనకముందే చూడు. చూశాక నన్ను తిట్టుకుంటావో, క్షమిస్తావో నీ ఇష్టం. క్షమించినా సరే, సైమిని మాత్రం పంపకు.

ఇట్లు,
నిచ్చెన పట్టుకున్న
నీ అక్క కైసు