మబ్బు పడితే తిరగని ఏరేటర్

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పోయినవారం నీ చేపల చెరువులో, నీళ్లకి గాలి కలిపే సోలార్ ఏరేటర్ పెట్టించాను. వరిపొలాన్ని చెరువు చేయడం నేరమని నీ మీదే వ్యాసం రాసినదాన్ని. పూడ్చేసి మళ్లీ వరి వేద్దామంటే మట్టంతా ఉప్పెక్కింది. నా మాటే నిజమైంది, ఇరుక్కున్నదీ నేనే.

రేపల్లె నుంచి వచ్చిన మెకానిక్ "మబ్బు పడితే తిరగదండి" అన్నాడు.

"అప్పుడు చేపలు ఊపిరాడక పైకొస్తే?"

"మీ అన్నగారు నడుము లోతు దిగి చేతుల్తో నీళ్లు చిలికేవారండి."

"నేను దిగను. నా సిద్ధాంతం ఒప్పుకోదు."

"చేపలకి సిద్ధాంతాలు తెలీవు అక్కగారూ."

ఈ పొద్దున మబ్బు పట్టింది. చేపలు నోళ్లు తెరిచి పైకొచ్చాయి. చీర ఎగదోపుకుని, నిన్ను తిట్టుకుంటూ దిగాను. ఎండ వచ్చేదాకా చిలికాను.

నడుము లోతు నీ ఎత్తుకి, అన్నయ్యా. నాకు గుండెల దాకా వచ్చాయి నీళ్లు.