దోసపాదులు పీకను

కోటయ్య అన్నయ్యకు నమస్కారం.

నిన్న గట్టు మీద నిలబడి, "ఏందమ్మా, నీ దోసపాదుల పుప్పొడి తగిలి నా కర్బూజాలు చప్పబడ్డయ్. రేపటికల్లా పీకెయ్, లేకుంటే నేనే పీకుతా" అన్నారు. నన్ను మాట్లాడనివ్వలేదు కాబట్టి రాస్తున్నాను.

పాదులు పీకను.

దోస, కర్బూజా ఒకే జాతివి. వాటి పుప్పొడి కలుస్తుంది, నిజమే. కానీ కాయలోని కండ తల్లి తీగది. దాని తీపి తల్లి గుణాన్ని బట్టే ఉంటుంది. పుప్పొడి గుణం గింజలోకి పోయి, ఆ గింజ మొలిచి కాసినప్పుడు బయటపడుతుంది. నిరుడు నా దోసపాదుల పక్కనే మీ కాయలు తియ్యగా పండాయి. ఆ కాయల గింజలకే వదిన బూడిద పట్టించి దాచింది. ఈ ఏడు మీరు నాటింది అవే. చప్పదనం ఆ గింజల నుంచి వచ్చింది.

గురజాల కొట్లో కొన్న కర్బూజా విత్తనం నేనూ ఈసారి దోసపాదుల నడుమే పెట్టాను. దాని కాయ ఈ ఉత్తరంతో పంపుతున్నాను, కోసుకుని తినండి. చప్పగా ఉంటే వచ్చి పాదులన్నీ పీకండి, అడ్డం రాను. తియ్యగా ఉంటే వదినకూ ఒక ముక్క పెట్టండి. గింజలు మాత్రం ఈసారి పారేయమనండి.

పక్క చేని మీ చెల్లెలు