నీ పెన్‌డ్రైవ్‌లో దొరికింది

నువ్వు బతికున్నన్నాళ్లూ నిన్ను ‘మీరు’ అనే పిలిచాను. ఇక ‘నువ్వు’ అనే రాస్తాను.

మన పాప లాస్య జ్వరంతో పోయాక దాని ఫోటోలు ఇంట్లో కంప్యూటర్‌లోనే మిగిలాయి. వైరస్ వచ్చి అవన్నీ పోయిన రోజు, మా తమ్ముడిచ్చిన పాటల సీడీ నేను పెట్టడం వల్లే అని తేల్చేశావు.

"బిడ్డను రెండోసారి సంపితివి కదే!" అని అరిచావు. సత్యనారాయణపేటలో మన వీధంతా విన్నది.

ఆ తర్వాత యాంటీవైరస్ వేయించి, పాస్‌వర్డ్ పెట్టి, నువ్వు పోయేదాకా నన్ను కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. బయటి నుంచి వచ్చినదేదైనా ముందు స్కాన్ చేయాలని వచ్చినవాళ్లందరికీ నా ఎదుటే చెప్పేవాడివి.

ఈ ఉదయం, అప్పుడు రిపేరు చేసిన బసవరాజునే పిలిపించాను. ఆ సీడీనీ, నీ పాత గని ఆఫీసు బ్యాగులో దొరికిన పెన్‌డ్రైవ్‌నీ ఇచ్చి చూడమన్నాను.

"సీడీలో ఏమీ లేదక్కా. ఆ పొద్దు ఫోటోలు తినేసిన వైరస్ అన్న పెన్‌డ్రైవ్‌లో ఉండాది. తేదీ చూస్తే అంతకు ముందుదే. ఆఫీసు నుంచి ఆయప్పే తెచ్చినాడు," అన్నాడు.

మీ అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "పోయినోని మీద నింద ఏంటికి ఏస్తావప్పా?" అంది.

"ఇంకోసారి గట్టిగా చెప్పప్పా, ఆమెకు సరిగా వినపడదు," అన్నాను.

అతను చెప్పాడు. ఆమె కొంగుతో ముఖం కప్పుకొని ఏడ్చింది. నేను ఓదార్చలేదు.

రేపు నీ సంవత్సరీకానికి కంప్లి నుంచి మీవాళ్లంతా వస్తారు. బసవరాజునూ భోజనానికి పిలిచాను.