మిక్సీ మోత

అక్కా,

క్షేమమేనా అని అడగను. అడిగితే "బాగానే ఉన్నాం" అంటావు, ఆ మాట నాకు అక్కర్లేదు. ఫోన్ చేస్తే ఎత్తవు, ఎత్తినా పక్కన అత్తయ్యగారున్నారంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను. దీన్నైతే మధ్యలో కట్ చెయ్యలేవు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఈ ఏడు ఏం రాయబోతున్నానో ముందు నీకు చెప్పడం మన అలవాటు. నువ్వు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలు నీ భుజం మీంచి తొంగిచూసి చదివే కదా నాకు రాత అబ్బింది. పదో తరగతి తప్పినదానికి నువ్వే కాలేజీ.

మొదటి సంగతి. ఇక ఏ ప్రచురణకర్త గడపా తొక్కను. మొన్న ఒకాయన నా నవలని రెండు వేళ్ళతో పట్టుకుని "అమ్మాయ్, నీ భాషలో మిషన్ నూనె కంపు కొడుతోంది" అన్నాడు. "ముక్కు మూసుకుని చదవండి" అని లాక్కుని వచ్చేశాను. ఆ మొదటి పుస్తకంలాగే ఇకముందువీ నేనే అచ్చేయించుకుంటాను, నేనే సంచిలో వేసుకుని బస్టాండులో అమ్ముకుంటాను. రోజంతా పరుపులు కుట్టి మోసే ఒంటికి పుస్తకాలొక బరువా?

రెండోది, మా పరుపుల షెడ్డు మనుషుల మీద కథలు. ఈ సంగతి మేస్త్రీ చెవిన పడింది. "నన్ను విలన్ని చేస్తావా ఏంటి?" అన్నాడు. "మీకంత సీన్ లేదు మేస్త్రీ, రెండు డైలాగులే" అన్నాను. ఆ పూటంతా మొహం మాడ్చుకుని తిరిగాడు.

మూడోదే అసలైంది. ఆ నవలకి రెండో భాగం. వానలు పడేలోగా ముగించాలి. చదివిన ప్రతివాళ్ళూ అదే అడుగుతున్నారు. మిక్సీ వేసుకుని ఆ మోత చాటున ఏడ్చే ఆవిడ చివరికి ఏమైంది, మొగుడు కొడుతుంటే ఎన్నాళ్ళు పడుంటుంది అని. బస్సులో ఒకావిడైతే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఈసారి ఆవిడ చేత వాడి చెంప పగలగొట్టించి, గుమ్మం దాటిస్తాను.

ఇంతమంది అడిగారు, నువ్వు అడగలేదు. పుస్తకం నీ చేతికిచ్చిన దగ్గర్నుంచి దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. చెత్తగా ఉంటే చెత్త అను. నా ప్రతి కథకీ పెన్సిల్‌తో గీతలు కొట్టేదానివి. పెద్దింటి కోడలివి కదా, ఇప్పుడు మా రాతలు కంటికి ఆనడం లేదేమో. ఊరందరి మెప్పూ ఒకెత్తు, నీ పెన్సిల్ గీత ఒకెత్తు. అది పడకపోతే నాకు రెండో భాగంలో మొదటి వాక్యం కూడా పడటం లేదు. అదీ నా కోపం.

నీ
మిరపగింజ

*

ఒసేయ్ మిరపగింజా,

పెద్దింటి కోడలినీ కాదు, నా మొహమూ కాదు. చదివాను. మళ్ళీ చదివాను. బాగా రాశావు. అదే నా బాధ.

కిందటేడు నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు బట్టలు మడతపెడుతూ నీకో మాట చెప్పాను. "ఒక్కోసారి ఏడుపొస్తే మిక్సీ వేసుకుంటానే" అని. నవ్వుతూనే అన్నాను. ఆ మాట మీ బావకి కూడా తెలియదు. నువ్వు దాన్ని మూటకట్టుకుపోయి మొదటి పేజీలో పెట్టావు.

మా చెల్లి రాసిందని, నేనింకా చదవకముందే ఇంట్లో అందరికీ, పక్కింటావిడకీ గొప్పగా చదవమని ఇచ్చాను. ఇప్పుడు మిక్సీ స్విచ్ నొక్కితే చాలు, అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడుతున్నారు. "రుబ్బడమేనా అమ్మా?" అని నా మొహంలోకి చూస్తారు. ప్రేమకొద్దీ అడుగుతారు పాపం, ఏమీ అనలేను. ఉల్లిపాయలు తరిగినా ఆవిడ చూడకుండా తరుగుతున్నాను. ఈ ఇంట్లో అన్నీ అందరివీ. ఆ మోత ఒక్కటే నాది. అదీ పోయింది.

పక్కింటావిడ నాతో మాట్లాడుతూ నా చేతులు వెతుకుతోంది, వాతలేమైనా ఉన్నాయేమోనని. మొన్న మీ బావ కంచం ముందు కూర్చుని, "నేనెప్పుడైనా నీ మీద చెయ్యెత్తానా?" అన్నారు. లేదన్నాను. "మరి మీ చెల్లి అలా ఎందుకు రాసింది?" అన్నారు. అది కథండీ అన్నాను. "మిక్సీ కూడా కథేనా?" అన్నారు. నాకు అబద్ధం నోట రాలేదు. ఆయన అన్నం సగంలో వదిలేసి లేచారు.

ఉన్న మిక్సీ పక్కన లేని మొగుణ్ణి నిలబెట్టావు నువ్వు. జనం మిక్సీని చూసి మొగుణ్ణి నమ్మారు. ఆయన కొట్టరే. గట్టిగా అరవను కూడా అరవరు. ఎందుకేడుస్తున్నావంటే చెప్పడానికి నా దగ్గర పేరున్న కారణం ఒక్కటీ లేదు. ఉంటే బయటికే ఏడ్చేదాన్ని, ఆ మోతెందుకు?

రెండో భాగం రాయొద్దనే హక్కు నాకుందో లేదో తెలియదు. నువ్వే చెప్పు.

అక్క

*

అక్కా,

నీ ఉత్తరం చదవగానే నాకు ముందు వచ్చింది కోపమే. నీ మీద. తర్వాత బావ మీద, పక్కింటావిడ మీద. అందరూ అయిపోయాక మిగిలింది నేనొక్కదాన్నే. టీకి కూడా లేవకుండా మిషన్ మీద కూర్చున్నాను. మేస్త్రీ వచ్చి "ఏంటి, కుట్టు వంకర పోతోంది" అన్నాడు. నా కుట్టు వంకరపోవడం ఆయనెప్పుడూ చూడలేదు.

నీకు హక్కుంది. రెండో భాగం రాయను. ఎవరైనా అడిగితే, "ఆవిడ తన సంగతి నన్ను చెప్పొద్దంది" అంటాను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ మొగుడి చేత ఎందుకు కొట్టించానో ఇన్నాళ్ళూ నాకే తెలియదు. కొట్టని ఇంట్లో మనిషి ఎందుకేడుస్తుందో రాయడం నాకు చేతకాలేదు. దెబ్బైతే సులువు. చెంప మీద నాలుగు వేళ్ళ గుర్తులు వేస్తే మిగతాది చదివేవాళ్ళే ఏడుస్తారు. లోపల దూది చాలకపోతే పైన పువ్వుల గుడ్డ వేసి కుట్టే పరుపులుంటాయి చూడు, అలాంటిది కుట్టి అమ్మాను. నూనె కంపు పట్టుకున్న ఆ పెద్దమనిషి ఇది మాత్రం పట్టుకోలేకపోయాడు, దద్దమ్మ.

బావకి విడిగా ఉత్తరం మొదలుపెట్టాను. తిట్టడమైతే పేజీలకి పేజీలు వస్తుంది నాకు. ఇది నాలుగు ముక్కలు రాసేసరికి చెయ్యి నొప్పెడుతోంది. అయినా పూర్తి చేసి పంపుతాను.

కాబట్టి ఈ ఏడు ఒక్క పుస్తకమే, షెడ్డు కథలు. ఎవరి మాట తీసుకుంటే వాళ్ళకి ముందు చదివి వినిపిస్తాను. వద్దంటే చింపేస్తాను. మేస్త్రీ వద్దనడు, ఇంకో పది డైలాగులు రాయమంటాడు, అదీ నా భయం.

ఇంకో పని కూడా ఉంది ఈ ఏడు. నీ మోత పోగొట్టింది నేను కాబట్టి నేనే ఇవ్వాలి. ఆదివారాలు మా షెడ్డు ఖాళీ. తాళం నా దగ్గరే ఉంటుంది. రా. అన్ని మిషన్లూ వేస్తాను. దూది ఏకే మిషనొకటి ఉంది, మీ మిక్సీకి ముత్తాత, వేస్తే పైన రేకులు అదురుతాయి. మూలన కొత్త పరుపులుంటాయి, వాటి మీద కూర్చో. ఏడుస్తావో, అరుస్తావో, పడుకుంటావో నీ ఇష్టం. నేను అటు తిరిగి కుట్టుకుంటాను. నాకు వినపడదు. వినపడినా రాయను.

నీ
మిరపగింజ

*

మిరపగింజా,

ఆదివారం వస్తున్నాను. మీ బావే దింపుతారట. "కొట్టే మొగుణ్ణి మీ చెల్లి గేటు లోపలికి రానిస్తుందా, బయటే నిలబెడుతుందా, కనుక్కో" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ, నవ్వు ఇంకా పూర్తిగా రాలేదు. నీ ఉత్తరం అందింది ఆయనకి. నాకు చూపించలేదు, చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

పెన్సిల్ తెస్తున్నాను. నీ షెడ్డు కథలు బయట పెట్టి ఉంచు.

ఆ దూది మిషన్ మాత్రం వెయ్యకు. చిన్నదేదైనా ఒక్కటి వెయ్యి, చాలు. నా గొంతు గేటు బయటికి వినపడకూడదు, నీకు వినపడాలి.

అక్క